సూదిపిల్ల చూసిన వెలుగు

ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, కుట్టు షాపులో చేరిన కొత్తలోనే అది మూలపడింది. భుజం దగ్గర బట్టకి ఎప్పుడూ ఒక సూది గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి షాపులో ఎవరో సూదిపిల్ల అన్నారు. ఆ పేరు షాపు నుంచి వీధికి, వీధి నుంచి అత్తవారింటికి, అక్కడి నుంచి ప్రార్థన మందిరానికి పాకింది. ఇప్పుడు కడుపుతో ఉంది. రేపో మాపో తల్లి కాబోయే మనిషిని ఇంకా పిల్ల అంటామేమిటని ఎవరికీ తోచలేదు, ఆమెకీ తోచలేదు.

ఆ వెలుగు మొదటిసారి కనిపించింది మందిరంలోనే. ఆడవాళ్ల ప్రార్థన జరిగే మధ్యాహ్నం. ఏడో నెల దాటింది. పొద్దుట్నుంచీ తల పగిలిపోతోంది. స్కూలు యూనిఫారాలకి కాజాలు కుడుతూ, సరేలే ఎండ దెబ్బ అనుకుంది. పాదాలు ఉబ్బి తన చెప్పులు పట్టడం మానేశాయి కాబట్టి భర్త చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. వాళ్ల అత్తగారు మందిరం ఊడ్చి తుడిచే మనిషి. అందుకని ఎవరూ చెప్పకుండానే అత్తాకోడళ్లిద్దరూ ఎప్పుడూ చివరి వరసలో, గుమ్మం పక్కన కూర్చుంటారు.

ముందు నిలబడి ప్రార్థన చేయిస్తున్నది గొంతక్క. ఆవిడ గొంతు అలాంటిది. మందిరంలో మైకు పాడైతే ఆవిడ ప్రార్థన చేయించే రోజున ఎవరికీ తెలిసేది కాదు. కళ్లు మూసుకోమంది. అందరూ మూసుకున్నారు. సూదిపిల్ల కూడా మూసుకుంది గానీ, మూసుకుంటే కణతల్లో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది. తట్టుకోలేక తెరిచింది.

ఎదురుగా ఖాళీ గోడ. తెల్ల సున్నం. దాని మీద కుడివైపు పైన ఒక చిన్న మెరుపు. రెప్పలు ఆర్పింది. పోలేదు సరికదా పెరిగింది. నీళ్ల మీద ఎండ పడితే మెరిసినట్టు వణుకుతూ గోడంతా పాకింది. అంచులు మాత్రం రంపం పళ్లలా ఉన్నాయి. అంత అందమైనది ఆమె అంతకు ముందు చూడలేదు, అంత భయపెట్టేది కూడా చూడలేదు.

"వెలుగు," అంది. అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

గొంతక్క ప్రార్థన ఆపింది. ఆవిడ ఆపడం ఎవరూ ఎరగరు కాబట్టి అందరూ కళ్లు తెరిచారు.

"ఏమన్నావు?"

"గోడ మీద... వెలుగు అక్కా. ఉంది. ఇదుగో పోతోంది."

ఆడవాళ్లందరూ గోడకేసి చూశారు. గోడ గోడలాగే ఉంది. గొంతక్క నడుచుకుంటూ వచ్చి సూదిపిల్ల ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుని కళ్లలోకి చాలాసేపు చూసింది. "దేవుడు ఈ పిల్లని చూశాడు," అంది చివరికి, ఆవిడ గొంతుకి నప్పనంత మెల్లగా. అత్తగారు కోడలి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. సూదిపిల్లకి తల ఇంకా నొప్పిగానే ఉంది. అది చెప్పడానికి ఇది సమయం కాదనిపించి ఊరుకుంది.

ఆ తర్వాత రోజులు వింతగా గడిచాయి. చివరి వరస నుంచి ఆమెని మొదటి వరసకి తెచ్చారు, కుర్చీ వేశారు. ఇన్నాళ్లూ పలకరించని ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని, మా అమ్మాయి కోసం ప్రార్థించు, మా ఆయన తాగుడు మానేలా ప్రార్థించు అని చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. అత్తగారి నడకే మారిపోయింది. చీపురు అదే, మందిరం అదే, కానీ ఇప్పుడావిడ ఊడుస్తుంటే జనం పక్కకి తప్పుకుని దారిస్తున్నారు. ఇంట్లో మాటకీ మాటకీ మధ్య "మా కోడలు" అనే ముక్క రాకపోతే ఆవిడకి అన్నం సహించడం లేదు.

సూదిపిల్లకి అదంతా నచ్చలేదంటే అబద్ధం. నచ్చింది. నచ్చుతున్నందుకు సిగ్గేసింది కూడా. కాకపోతే ఆమెకి అర్థం కానిదొకటుంది. ఆ వెలుగు మందిరంలో మాత్రమే కనిపించి ఊరుకుంటే బాగుండును. అది ఎక్కడ పడితే అక్కడ వస్తోంది. సూదిలో దారం ఎక్కిస్తుంటే వచ్చింది. ఇస్త్రీ పెట్టె మీద వచ్చింది. మరుగుదొడ్డికి వెళ్తుంటే దారిలో వచ్చింది. ఒకరోజు షాపు ఓనరు వంగి బట్ట కొలుస్తుంటే ఆయన బట్టతల మీద కాసేపు మెరిసి పోయింది. ఓనరు నోరు తెరిస్తే బూతులు తప్ప రావు. దేవుడు వచ్చి వచ్చి ఈయన నెత్తి మీద ఎందుకు కూర్చుంటాడు? అడుగుదామంటే ఎవర్ని అడగాలి? ఈ సంగతి గొంతక్కకి చెబితే నవ్వుతుందో, కోప్పడుతుందో, దానికీ ఏదో అర్థం తీస్తుందో. చెప్పలేదు. పొద్దునే వాంతి అయిందని కూడా ఎవరికీ చెప్పలేదు.

మందిరం పెద్దాయన ఆమెని పిలిపించాడు. అత్తగారు కూడా వెంట వెళ్లి గుమ్మంలో నిలబడింది. ఆయన ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పిన మాస్టారు. దేన్నయినా రెండుసార్లు సరిచూడనిదే నమ్మడు. బెంచీ మీద కూర్చోమని, తను దూరంగా నిలబడి అడిగాడు.

"ఆ వెలుగు ఏమైనా చెప్పిందా అమ్మా?"

"లేదండీ. మెరిసింది, పోయింది."

"నీకు భయం వేసిందా?"

"వేసే ఉంటుందండీ. తలనొప్పిలో సరిగ్గా తెలియలేదు."

"తలనొప్పా," అన్నాడు పెద్దాయన. గడ్డం గోక్కున్నాడు. "పూర్వం కొందరు మహాత్ములకి కూడా నొప్పితోనే మొదలైందని చెబుతారు. నేనయితే చూడలేదు." పక్కకి చూస్తూ, "ఇన్నేళ్ల నుంచి ప్రార్థిస్తున్నాను, నాకెప్పుడూ ఏమీ కనిపించలేదు," అన్నాడు. అది బాధతో అన్నాడో, అనుమానంతో అన్నాడో ఆమెకి అంతుపట్టలేదు. ఆయనకి మాత్రం పట్టిందా అంటే, ఆ మొహం చూస్తే అలా అనిపించలేదు. "సరే అమ్మా, నేను ఆలోచిస్తాను. అప్పటిదాకా ఈ సంగతి ఎక్కువ ఊదరగొట్టకండి," అని పంపేశాడు. ఆ మాట గుమ్మం దాటేలోపే అత్తగారు ఇద్దరికి చెప్పేసింది.

ఇంట్లో ఈ గొడవ పట్టని మనిషి ఒక్కడే, భర్త. బేకరీలో పిండి కలిపే పని అతనిది. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లగా పిండి ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఈయనకి అప్పుడే నెరిసిందా అని ఆమె హడలిపోయింది. ఒక సాయంత్రం అతను ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని చీలమండ మీద బొటనవేలుతో నొక్కాడు. గుంట పడింది. వేలు తీశాడు. గుంట అలాగే ఉంది.

"పిండి ఎక్కువ పులిసిపోతే ఇలాగే ఉంటుంది," అన్నాడు. "నొక్కితే మళ్లీ పైకి లేవదు. అలాంటి పిండి మేం పక్కన పెట్టేస్తాం."

"నన్ను కూడా పక్కన పెట్టేస్తారా ఏమిటి?"

"నవ్వులాట కాదు. ఆసుపత్రికి పోదాం."

"ఎలా పోతాను? గొంతక్క ఏమంటుందో తెలుసుగా."

తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. మందిరంలో కడుపుతో ఉన్న ఆడవాళ్లకి గొంతక్క చెప్పే మాట ఒకటే: పరీక్షలు చేయించుకోవడమంటే దేవుణ్ణి పరీక్షించడమే. ఇచ్చినవాడికి నిలబెట్టడం తెలుసు, మధ్యలో నువ్వెళ్లి ఉందా లేదా అని తడిమి చూడక్కర్లేదు. అందుకని ఆడవాళ్లు మొదట్లో ఒకసారి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పేరు రాయించుకుని వచ్చేవాళ్లు. ఆ తర్వాత నొప్పులు మొదలైతేనే మళ్లీ అటు వెళ్లడం. సూదిపిల్ల కూడా అంతే. ఆ ఒక్కసారి వెళ్లినప్పుడు కూడా అడ్డుగా తెర లేని గదిలో బల్ల మీద పడుకోమన్నారు, తలుపు తెరిచి మగవాళ్లు వచ్చిపోయారు. ఆ సిగ్గు ఇంకా పోలేదు. గొంతక్క మాట వినడం ఆమెకి కష్టం కాలేదంటే అందులో భక్తి ఎంతో, ఆ సిగ్గు ఎంతో ఆమే విడదీసి చెప్పలేదు.

"ఎవరైనా పోవచ్చేమో గానీ నేను పోకూడదు," అంది భర్తతో. "వెలుగు చూసినదాన్ని."

అతను మళ్లీ ఒకసారి నొక్కి చూశాడు. మంచి మాట దొరికినప్పుడు చెబుదామని ఊరుకునే రకం అతను. ఆ మంచి మాట అతనికి ఎప్పుడూ సమయానికి దొరకదు.

చివరికి ఆమెని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది అత్తగారి మోకాళ్లు. ఆవిడ నెలకోసారి అక్కడికి వెళ్లి నొప్పుల బిళ్లలు తెచ్చుకుంటుంది. మోకాళ్ల నొప్పికి బిళ్లలు మింగితే దేవుణ్ణి పరీక్షించినట్టు ఎందుకు కాదో, కాన్పుకి మాత్రం ఎందుకవుతుందో మందిరంలో ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆ రోజు మెట్లెక్కడానికి చెయ్యి ఆసరా కావాలని కోడల్ని వెంటబెట్టుకుంది. అది కడుపుతో ఉన్నవాళ్లని చూసే రోజని ఇద్దరికీ గుర్తులేదు.

వరండాలో బెంచీల నిండా పొట్టలే. ఒక నర్సు, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయిన మనిషి, వరసగా ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడుగుతూ వస్తోంది. సూదిపిల్ల దగ్గరికి వచ్చి ఆగింది.

"నిన్నెక్కడో చూశానే. మొదట్లో ఒకసారి వచ్చి మళ్లీ మొహం చూపించలేదు కదూ?"

"నేను మా అత్తయ్య మోకాళ్లకి వచ్చానండీ."

"మోకాళ్లు అటు వెళ్లాలి. పొట్టలు ఇటు. ఎలాగూ వచ్చావు కదా, కూర్చో. ఏం, సూదంటే భయమా?"

అత్తగారు ఫక్కుమంది. "దీని పేరే సూదిపిల్లండీ."

నర్సు నవ్వలేదు, పనిలో ఉంది. "బిడ్డ తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"తలనొప్పి ఉందా?"

"లేదండీ."

"కళ్ల ముందు చుక్కల్లాంటివి, మెరుపుల్లాంటివి ఏమన్నా కనిపిస్తున్నాయా?"

సూదిపిల్ల తలెత్తి నర్సుని చూసింది. ఈవిడకెలా తెలిసింది? మందిరానికి రాదు కదా. ఎవరు చెప్పారు? ఒకవేళ ఇది కూడా దేవుడే చెప్పించాడా? అలా అనుకుంటూ ఉండగానే తెలిసింది, ఇందాక పక్కనావిడని కూడా నర్సు ఇదే అడిగింది. ఆ ముందావిడనీ ఇదే అడిగింది. ఇంట్లో ఉప్పుందా అని అడిగినంత మామూలుగా అడిగింది. అంటే ఆ వెలుగు అడిగి తెలుసుకునే వస్తువా? తలనొప్పి పక్కన, వాంతుల పక్కన ఉండేదా? ఉందంటే ఏమవుతుందో, లేదంటే ఏమవుతుందో ఒక్క క్షణంలో ఎవరు తేల్చగలరు?

"లేదండీ," అంది.

నర్సు తరువాతి మనిషి దగ్గరికి కదలబోయింది. ఆ కదలడమే అత్తగారికి నచ్చలేదు. తన కోడల్ని చుక్కలు చూసే మామూలు ఆడవాళ్లతో జమ కట్టినందుకు ఆవిడకి పౌరుషం వచ్చింది.

"చుక్కలేమిటమ్మా, మా కోడలికి వెలుగే కనిపిస్తుంది," అంది, వరండా అంతా వినపడేలా. "ఈ పిల్ల సిగ్గుతో చెప్పదు గానీ, మా మందిరంలో అందరికీ తెలుసు. గోడంతా వెలుగు."

నర్సు వెనక్కి తిరిగింది. కళ్లజోడు పైకి తోసుకుంది. "ఎప్పట్నుంచి?"

అడిగేవాళ్లుంటే అత్తగారికి అంతకన్నా ఏం కావాలి. ఎప్పట్నుంచో చెప్పింది, ఎలా మెరుస్తుందో తనకి తోచినట్టు చేతులు తిప్పి చూపించింది. నర్సు కన్నార్పకుండా వింటోంది. ఈవిడ కూడా మందిరానికి వచ్చేలా ఉందే అని అత్తగారు మనసులో సంతోషపడింది కూడా.

"తలనొప్పి వస్తుందా అప్పుడు?"

"వస్తుంది. మహాత్ములకి కూడా వస్తుందట. మా పెద్దాయన చెప్పారు."

నర్సు సూదిపిల్లని లోపలికి తీసుకెళ్లి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. చూసింది. రెండో చేతికి చుట్టి మళ్లీ చూసింది. నర్సు డాక్టర్ని పిలిచింది, డాక్టరు చూసి అంబులెన్సు బండిని పిలిచాడు. బీపీ చాలా ఎక్కువగా ఉంది, ఏ నిమిషంలోనైనా ఫిట్స్ వచ్చేలా ఉంది, పెద్దాసుపత్రికి వెళ్లాలి అన్నారు. బేకరీకి ఎవరో ఫోన్ చేశారు.

బండిలో అత్తగారు గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. నర్సు కూడా వెంట వచ్చింది. చేతికి పట్టీ చుట్టి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, "ఆపొద్దు పెద్దమ్మా, కాస్త మెల్లగా చెయ్యండి, నాకు నాడి వినపడట్లేదు," అంది. అత్తగారు మెల్లగా చేసింది. సూదిపిల్ల బండి పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. అక్కడ కూడా వచ్చింది వెలుగు, రంపం పళ్లతో, చాలా పెద్దగా. దాన్ని చూసి దణ్ణం పెట్టాలో, నర్సుకి చెప్పాలో తెలియలేదు. ఒక చెయ్యి నర్సు దగ్గరుంది. రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. చివరికి నోటితోనే, "వచ్చిందండీ," అంది. నర్సు డ్రైవర్ని తొందరపెట్టింది.

పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. వయసు మళ్లిన మనిషి, నిద్ర చాలని కళ్లు. తొడలోకి ఇచ్చిన ఇంజెక్షను నిప్పులా మండింది. వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డని తియ్యాలి, ఆగితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం అని చెప్పింది. అప్పటికే ఏప్రన్ తోనే పరిగెత్తుకొచ్చిన భర్త, "చెయ్యండి," అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం అతనికి సమయానికి దొరికింది.

లోపలికి తీసుకెళ్తుంటే సూదిపిల్ల డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నేను చూసింది అబద్ధమా?"

"ఏం చూశావు?"

"వెలుగు."

"నీకు కనిపించింది, అబద్ధమెందుకవుతుంది? బీపీ పెరిగి తలమీదికి, కళ్లమీదికి వచ్చింది. ఇదే ముదిరి ఫిట్స్ వస్తే పూర్వం గుర్రపు వాతం అనేవాళ్లు. ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చెప్పగలను. అంతకుమించి నన్నడక్కు, ముందు బిడ్డని తియ్యనీ."

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది, ఏడుపు పిల్లి కూతలా ఉంది, గాజు పెట్టెలో పెట్టారు. బతుకుతుందని చెప్పడానికి వాళ్లకి కొన్నాళ్లు పట్టింది. వరండాలో అత్తగారు గోడకి చేరగిలబడి కూర్చుంది. దేవుడికి కృతజ్ఞత చెప్పాలని కళ్లు మూసుకుంటే కళ్లజోడు నర్సు గుర్తొస్తోంది. నర్సుకి కృతజ్ఞత చెబుదామనుకుంటే, అసలు చెప్పింది నేనే కదా అనిపిస్తోంది. అయినా తను చెప్పింది ఒకటి, అది పనికొచ్చింది ఇంకొకదానికి. ఇందులో ఎవరు ఎవర్ని కాపాడారు? కొడుకుని అడిగింది. అతను, "నాకూ తెలియట్లేదమ్మా. ముందు కాస్త ఏదైనా తిను," అన్నాడు.

సూదిపిల్లకి తెలివి వచ్చాక మొదట బిడ్డ గురించి అడిగింది. రెండోది ఎవర్నీ అడగలేదు. వార్డు గోడకేసి చూసింది. పెచ్చులూడిన గోడ. ఎంతసేపు చూసినా గోడే. మందులకి బీపీ దిగింది, తలనొప్పి పోయింది, వెలుగు కూడా పోయింది. తేలికగా ఉండాల్సింది పోయి ఆమెకి ఏడుపొచ్చింది. పక్క మంచం ఆవిడ, "నొప్పిగా ఉందా?" అని అడిగితే కాదని తలూపింది. ఏం పోయిందని ఏడుస్తున్నట్టు? జబ్బు తగ్గిందని ఏడిచేవాళ్లుంటారా?

గొంతక్క వచ్చింది, చూడ్డానికి జనాన్ని వదిలే వేళకి. వార్డంతటికీ తెలిసింది వచ్చినట్టు. వెలుగు ఇంకా కనిపిస్తోందా అని అడిగితే, సూదిపిల్ల లేదని తలూపింది.

"చూశావా, వద్దన్న పని చేశారు. పరీక్షకి పోయారు, వెలుగు పోగొట్టుకున్నారు. ఇచ్చినవాడు తీసుకున్నాడు. ఇప్పుడేమంటావు?"

సూదిపిల్ల అనుకుంటున్నదీ అదే. కాకపోతే గొంతక్క నోట వినేసరికి, లోపల ఏదో అడ్డం తిరిగింది.

"పోయింది గానీ అక్కా, నా బిడ్డ ఉంది," అంది.

గొంతక్క స్టూలు లాక్కుని కూర్చుంది. మంచం మీది దుప్పటి అంచు సరిచేసింది, అది సరిగ్గానే ఉంది. ఎప్పటికో అడిగింది. ఆ గొంతు ఆవిడదేనా అనిపించేంత మెల్లగా అడిగింది.

"ఆ వెలుగు... అంచులు ఎలా ఉండేవి?"

"రంపం పళ్లలా ఉండేవక్కా."

"వణికేదా?"

"వణికేది. మీకెవరు చెప్పారు? ఈ ముక్క నేనెవరికీ చెప్పలేదే."

గొంతక్క కిటికీ కేసి చూసింది. "నా రెండో కాన్పుకి," అంది. ఆపైన మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆవిడకీ కనిపించింది. ఇంట్లో వాళ్లు దేవుడే అన్నారు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటే, దేవుడు మీదికి వచ్చాడన్నారు. మెలకువ వచ్చేసరికి బిడ్డ లేదు. దేవుడు తన వెలుగులోకి తీసుకున్నాడని చెప్పారు. "అదే నమ్మాను," అంది గొంతక్క. "నమ్మకపోతే ఎలా బతికేదాన్ని? మళ్లీ ఎవరికీ అలా కనిపించలేదు. నువ్వు గోడ చూపించిన రోజున, అయితే నాది నిజమేనన్న మాట అని..."

సూదిపిల్లకి మీది కూడా బీపీయేనక్కా అనడానికి నోరు రాలేదు. దేవుడేనక్కా అనడానికీ రాలేదు. ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. వార్డులో అందరూ వినేలా మాట్లాడే మనిషి, పక్కవాళ్లకి కూడా వినపడకుండా ఏడ్చింది. కాసేపటికి లేచి మొహం తుడుచుకుని, గాజు పెట్టెలో పిల్లని చూపించమంది. చాలాసేపు చూసింది. వెళ్లిపోయింది.

పిల్లని ఇంటికి తెచ్చాక, కాస్త ఒళ్లు చేశాక, మందిరానికి తీసుకెళ్లారు. పెద్దాయన సూదిపిల్లని లేచి నాలుగు మాటలు చెప్పమన్నాడు. జరిగింది దేవుడి మహిమ కిందికి వస్తుందో రాదో ఆయనకింకా తేలలేదు, ఆమె నోటితో వస్తే తేలుతుందని ఆశపడి ఉంటాడు.

ఆమె లేచి నిలబడింది. ఇంటి దగ్గర అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు వెలుగు కనిపించింది. నిజంగా కనిపించింది. నాకు బీపీ ఉంది. అదీ నిజమే. అవి రెండూ ఒకటేనని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు దేవుడు ఎక్కడున్నాడో నాకు తెలియట్లేదు. వెలుగులో ఉన్నాడో, నర్సు అడిగిన ప్రశ్నలో ఉన్నాడో, మా అత్తయ్య గొప్పలో ఉన్నాడో." ఎవరో కిసుక్కుమన్నారు, అత్తగారే. "ఎవరికైనా అలా కనిపిస్తే ముందు వెళ్లి చేతికి పట్టీ చుట్టించుకోండి. తర్వాత వచ్చి ఇక్కడ చెప్పండి. నాకు అంతవరకే తెలుసు."

కూర్చుంది. కొందరి మొహాల్లో కోపం, కొందరి మొహాల్లో ఏమీ లేదు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "భయపడకండి అని నేనెప్పుడూ చెబుతూ వచ్చాను," అన్నాడు. "వెళ్లకండి అని చెప్పినట్టు నాకు గుర్తులేదు. చెప్పానా?" ఆయన నిజంగానే అడుగుతున్నాడు. అందరూ గొంతక్క కేసి చూశారు. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. ఆ రోజు ప్రార్థన ఇంకెవరో చేయించారు, వెనక వరసలకి సరిగ్గా వినపడలేదు.

తరువాత మందిరానికి ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. సూదిపిల్ల కుర్చీ ఎవరో తీసి గోడకి చేర్చారు. ఆమె మళ్లీ గుమ్మం పక్కకి వచ్చేసింది. పిల్ల ఏడిస్తే బయటికి వెళ్లడానికి అదే వీలుగా ఉంది.

పిల్లకి టీకా వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన రోజున, మెట్ల కిందే ఆమెకి గొంతక్క గొంతు వినపడింది. పైకి వెళ్లి చూస్తే, మందిరంలోని ఇద్దరు కడుపుతో ఉన్న ఆడవాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆవిడ కళ్లజోడు నర్సుతో తగువులాడుతోంది.

"తెర లేకుండా ఆడదాన్ని బల్ల మీద పడుకోమంటే ఎవరొస్తారమ్మా? రాలేదని మీరు మమ్మల్నంటారు. ముందు తెర కట్టండి, నేను రోజూ తీసుకొస్తాను."

"తెర అడిగి ఏడాదయింది. ఇవ్వట్లేదు," అంది నర్సు.

"ఇవ్వకపోవడమేమిటి? ఎవర్ని అడగాలి? ఆ తలుపేనా?"

నర్సు ఆ తలుపేనంది. గొంతక్క వెళ్లబోతూ సూదిపిల్లని చూసింది. బెంచీ మీదున్న ఇద్దరిలో చిన్నది, మొదటి కాన్పు పిల్ల, సూదిపిల్ల చెయ్యి పట్టుకుని అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. నువ్వు చూసింది దేవుణ్ణా, బీపీనా?"

గొంతక్క తలుపు మీద చెయ్యి పెట్టి ఆగింది. ఆవిడ కూడా వింటోందని సూదిపిల్లకి తెలుసు.

"నాకు తెలియదమ్మా," అంది. "రోజూ అనుకుంటాను. కొన్ని రోజులు ఇదనిపిస్తుంది, కొన్ని రోజులు అదనిపిస్తుంది. నీ కాళ్లేవీ, ఇలా చూపించు, వాచాయా?"

గొంతక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. లోపల ఆవిడ ఏమంటోందో బయట వరండాలో అందరికీ వినపడుతోంది.